ప్రేగు లోపలి పొర: అది మనల్ని ఎలా కాపాడుతుంది, మనం దాన్ని ఎలా కాపాడాలి

మేము చేవెళ్ళ, మొయినాబాద్ సంక్షేమ హాస్టళ్ళలో ఉండి చదువుకున్నాము. తర్వాత కొందరం జీవశాస్త్రం, కొందరం నర్సింగు, కొందరం ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాము. ఈ సంచికకు కవిత రాయమంటే మాకు చేతకాలేదు. చదివిన చదువులో తమ్ముళ్ళకు పనికివచ్చే ఒక పాఠం రాద్దామని కూర్చున్నాము.

మేము చేసిన తప్పు

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక వానాకాలంలో మా గదిలోని ఆరో తరగతి తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. తెల్లవారేసరికి ఏడెనిమిది సార్లు బయటికి వెళ్ళి వచ్చాడు. "అన్నా, దూప అయితుంది, జరన్ని నీళ్ళియ్యరాదే" అని అడిగాడు. "నీళ్ళు తాగితే ఇంకా ఎక్కువైతయి తమ్మీ, పొట్ట ఖాళీగుంటే అదే ఆగుతది" అని మేమే చెంబు దాచిపెట్టాము. ఇంటి దగ్గర మా పెద్దవాళ్ళు అలాగే చేసేవారు, మాకు అంతే తెలుసు. పొద్దెక్కేసరికి వాడి కళ్ళు లోపలికి పోయాయి, నాలుక ఎండిపోయింది, పిలిస్తే సరిగ్గా పలకలేదు. దవాఖానాకు తీసుకుపోయి సెలైన్ ఎక్కించాక బతికి బయటపడ్డాడు. చెడు చేయాలని మేము అలా చేయలేదు, తెలియక చేశాము. ఆ తెలియనితనం మీకు ఉండకూడదనే ఈ వ్యాసం.

ఒక్క కణం మందం

పదవ తరగతి జీవశాస్త్రంలో చిన్న ప్రేగు బొమ్మ, దాని లోపల వేళ్ళలాగా లేచిన ఆంత్రచూషకాలు మీరంతా గీసి ఉంటారు. పరీక్షకు భాగాలు గుర్తించి వదిలేస్తాము. ఆ చూషకాల మీద కప్పి ఉన్న పొర గురించి మాత్రం ఆలోచించము. మన చర్మానికి ఎన్నో వరుసల కణాలు ఉన్నాయి. ప్రేగు లోపలి పొర ఒక్క వరుస కణాలే. దాని మందం మిల్లీమీటరులో దాదాపు నలభయ్యో వంతు. దానికి ఒక పక్క మనం తిన్న అన్నం, తాగిన నీళ్ళు, వాటితో వచ్చిన మట్టి, లక్షల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. రెండో పక్క మన రక్తం ఉంటుంది. మధ్యలో ఉన్నది ఆ ఒక్క కణమే.

పాత పుస్తకాల్లో ఈ పొరను పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని రాసేవారు. 2014లో స్వీడన్ శాస్త్రవేత్తలు జాగ్రత్తగా కొలిచి సుమారు 30 చదరపు మీటర్లు అని తేల్చారు. అంటే పదహారు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఉన్న గది నేలంత. అది కూడా తక్కువేమీ కాదు.

ఇక్కడ మన ప్రాంతపు ఉదాహరణ చెబుతాము. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదును కాపాడడానికి గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. మూసీ నీరు గండిపేటకు, ఈసీ నీరు హిమాయత్‌సాగర్‌కు చేరతాయి. కట్ట పని నీటిని ఆపడం, గేటు పని కావలసినంత వదలడం. ప్రేగు పొర ఈ రెండు పనులూ ఒకేసారి చేయాలి. చక్కెర, ఉప్పు, నీరు, విటమిన్లు లోపలికి రావాలి, క్రిములు, వాటి విషాలు రాకూడదు. అయితే ఒక తేడా ఉంది. కట్టను ఒకసారి రాతితో కడితే వందేళ్ళు నిలుస్తుంది. ప్రేగు పొర నాలుగైదు రోజులే నిలుస్తుంది. దాన్ని శరీరం నిత్యం కొత్తగా కట్టుకుంటూనే ఉండాలి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇదే.

నాలుగు వరుసల కాపలా

మొదటిది శ్లేష్మం. పొరలో అక్కడక్కడా ఉండే గాబ్లెట్ కణాలు జిగురు వంటి శ్లేష్మాన్ని తయారు చేస్తాయి. పెద్ద ప్రేగులో ఈ శ్లేష్మం రెండు పొరలుగా ఉంటుందని, లోపలి పొరలో క్రిములు దాదాపు ఉండవని 2008లో స్వీడన్‌లో గుర్తించారు. అన్ని కోట్ల క్రిములు ఉన్నా అవి మన కణాలను నేరుగా తాకకుండా ఉండడానికి కారణం ఇదే.

రెండోది కణాల మధ్య కుట్టు. ప్రక్క ప్రక్క కణాలను క్లాడిన్, ఆక్లూడిన్ వంటి మాంసకృత్తులు బిగించి పట్టుకుంటాయి. వీటిని బిగుతు సంధులు అనవచ్చు. గోనె సంచి కుట్టులా కాకుండా, ఇవి అవసరాన్ని బట్టి కొంచెం వదులవుతాయి, మళ్ళీ బిగుసుకుంటాయి.

మూడోది మందు చల్లే కణాలు. చిన్న ప్రేగు గుంటల అడుగున ఉండే పనేత్ కణాలు డిఫెన్సిన్లు అనే పదార్థాలను వదులుతాయి. ఇవి క్రిముల పైపొరకు రంధ్రాలు చేసి చంపుతాయి.

నాలుగోది పొర కింద ఉన్న సైన్యం. మన శరీరంలోని రక్షణ కణాల్లో పెద్ద భాగం ప్రేగులోనే ఉంటుంది. అవి తయారు చేసే ఐజీఏ అనే ప్రతిరక్షకం పొరను దాటి బయటికి వచ్చి క్రిములకు అంటుకుంటుంది. అలా అంటుకున్న క్రిమి పొరను పట్టుకోలేక మలంతో బయటికి పోతుంది.

కొత్త పొర ఎక్కడి నుండి వస్తుంది

చూషకాల మొదట్లో చిన్న చిన్న గుంటలు ఉంటాయి. ఆ గుంటల అడుగున మూలకణాలు ఉంటాయి. నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం 2007లో ఈ మూలకణాలను గుర్తుపట్టే ఆనవాలు కనిపెట్టింది. 2009లో అదే ప్రయోగశాలలో తోషిరో సాటో అనే జపాన్ శాస్త్రవేత్త ఒక్క మూలకణం నుండి గాజు పాత్రలో గుంటలు, చూషకాలు ఉన్న బుల్లి ప్రేగును పెంచి చూపించారు.

మూలకణం విడిపోతే పుట్టిన పిల్ల కణాలు మెట్లెక్కినట్లు గుంటలో నుండి చూషకం పైకి జరుగుతాయి. పోతూ పోతూ పెద్దవై పని నేర్చుకుంటాయి. మూడు నుండి ఐదు రోజుల్లో కొనకు చేరి రాలిపోతాయి. పోయిన వారం మన పొట్టలో అన్నం అరిగించిన కణాలు ఈ వారం లేవు. ఇంత వేగంగా మారే భాగం మన శరీరంలో అరుదు.

వేగంగా కట్టే ఇంటికి ఇటుక, ఇసుక ఆగకుండా రావాలి. కొత్త కణం పుట్టాలంటే డి.ఎన్.ఎ. నకలు తయారు కావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆ మాట వచ్చింది కాబట్టి ఒక తెలుగు మహనీయుని గురించి చెప్పుకోవాలి.

యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో తండ్రి పోయారు, ఇంట్లో పేదరికం. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్నారు.

ఉష్ణదేశాల్లో వచ్చే ఈ స్ప్రూలో చిన్న ప్రేగు చూషకాలు అరిగి పొట్టిగా అయిపోతాయి. తిన్నది ఒంటపట్టదు, విరేచనాలు ఆగవు, మనిషి చిక్కి శల్యమవుతాడు, రక్తహీనత వస్తుంది. ఏదో ఒక సంక్రమణ తర్వాత ఇది మొదలవుతుందని భావిస్తారు. పొర దెబ్బతింటే ఫోలిక్ ఆమ్లం లోపలికి రాదు. అది రాకపోతే మూలకణాలు కొత్త పొరను కట్టలేవు. కట్టలేకపోతే ఫోలిక్ ఆమ్లం అసలే రాదు. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్లు జబ్బు అక్కడే తిరుగుతుంది.

సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి అమెరికాకు వెళ్ళారు. హార్వర్డ్‌లో పరిశోధన చేసి 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని వేరు చేసి, 1945 నాటికి కృత్రిమంగా తయారు చేసింది. వెంటనే వైద్యులు దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. రక్తహీనత తగ్గింది, ఆకలి పుట్టింది. తర్వాతి కాలంలో ఫోలిక్ ఆమ్లానికి టెట్రాసైక్లిన్ జోడించి కొన్ని నెలలు ఇవ్వడం ఈ జబ్బుకు చికిత్సగా స్థిరపడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన పరిశోధన విభాగాధిపతిగా ఉన్న కాలంలో లెడర్లీ నుండే 1948లో వచ్చింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు రెండు మందుల దారీ ఆయన ప్రయోగశాల గుండానే సాగింది.

ఇంకో సంగతి ఉంది. ఫోలిక్ ఆమ్లం రూపాన్ని కొద్దిగా మార్చి ఆ బృందమే అమినోప్టెరిన్ తయారు చేసింది. ఇది కణ విభజనను ఆపుతుంది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947, 1948లలో దీన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. క్యాన్సర్ కణాలు తగ్గాయి, కాని నోరు పూసింది. ఈ తరగతి మందులతో విరేచనాలు కూడా అవుతాయి. ఎందుకంటే నోటి నుండి ప్రేగు వరకు లోపలి పొర కూడా వేగంగా విడిపోయే కణాలతోనే బతుకుతుంది. కణ విభజన ఆపితే ముందుగా ఒలికిపోయేది ఆ పొరే. సుబ్బారావు గారు 1948 ఆగస్టులో 53వ ఏట మరణించారు.

గాయం ఎలా మానుతుంది

గట్టి ఎముక ముక్క గీరినా, క్రిమి దాడి చేసినా పొరలో కొన్ని కణాలు చస్తాయి. అప్పుడు మూడు పనులు జరుగుతాయి. మొదట, ప్రక్క కణాలు తమ ఆకారం మార్చుకుని చపాతీలా పలుచబడి ఖాళీ మీదికి జరుగుతాయి. దీనికి కొత్త కణాలు అవసరం లేదు. చిన్న గాయమైతే కొన్ని నిమిషాల నుండి కొన్ని గంటల్లో మూతపడుతుంది. రెండవది, ఒకటి రెండు రోజుల్లో మూలకణాలు వేగంగా విడిపోయి కొత్త కణాలను పంపుతాయి. మూడవది, ఆ కొత్త కణాలు పెద్దవై అరిగించే పని మొదలుపెడతాయి. అందుకే విరేచనాలు తగ్గిన తర్వాత కూడా కొన్ని రోజులు పాలు సరిగ్గా అరగకపోవచ్చు. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము చూషకాల మీద ఉన్న పెద్ద కణాల్లోనే ఉంటుంది. అవి మళ్ళీ తయారు కావాలి. పుండు లోతుకు పోతే మానడానికి వారాలు పడుతుంది.

ఒళ్ళు నొప్పులకు దుకాణంలో ఇష్టం వచ్చినట్లు కొని వేసుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ గోళీలు ఈ పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. వాటితో కడుపులో, ప్రేగులో పుండ్లు పడవచ్చు. పొలం పనికి పోయి వచ్చి రోజూ గోళీ మింగే మన అమ్మానాన్నలకు ఈ మాట చెప్పండి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

శోథ: మేలు, కీడు

దెబ్బ తగిలిన చోట ఎర్రబడి, వాచి, వేడెక్కి, నొప్పి పుడుతుంది. దీన్నే శోథ అంటాము. ప్రేగులో కూడా ఇదే జరుగుతుంది. పొర కణాలు ప్రమాదాన్ని పసిగట్టి రసాయన సంకేతాలు పంపుతాయి. తెల్ల రక్తకణాలు వస్తాయి, క్రిములను మింగుతాయి, చచ్చిన కణాలను శుభ్రం చేస్తాయి. పని అయ్యాక ఆగిపోవాలి. ఆగితే మేలు.

ఆగకపోతే కీడు. ఆగని శోథ బిగుతు సంధులను వదులు చేస్తుంది, మరిన్ని క్రిములు లోపలికి వస్తాయి, శోథ ఇంకా పెరుగుతుంది. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి ఇలాంటివి. ఒకప్పుడు ఇవి పాశ్చాత్య దేశాల జబ్బులు అనేవారు, ఇప్పుడు మన దేశంలోనూ పెరుగుతున్నాయి. ప్రేగు క్షయ కూడా ఇలాంటి లక్షణాలతోనే కనిపిస్తుంది. మలంలో రక్తం, నాలుగు వారాలు దాటిన విరేచనాలు, బరువు తగ్గడం, నిద్రలో లేచి పోవలసి రావడం, వీటిలో ఏది ఉన్నా సిగ్గుపడకుండా చెప్పి డాక్టరుకు చూపించుకోండి. మొలలనుకుని నెలల తరబడి దాచుకున్న వారిని మేము చూశాము.

ఇంకొక రకం శోథ ఉంది, అది కనబడదు. మురికి నీరు, మురికి పరిసరాల మధ్య పెరిగే పిల్లల ప్రేగుల్లో విరేచనాలు లేకపోయినా చూషకాలు పొట్టిగా మారి, సన్నని శోథ నిత్యం ఉంటుంది. తిన్నది పూర్తిగా ఒంటికి పట్టదు. 1960లలో అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో పనిచేయడానికి వచ్చిన అమెరికన్ యువకుల ప్రేగులను పరీక్షిస్తే వాళ్ళకూ ఇదే మార్పు కనిపించింది. తిరిగి తమ దేశానికి వెళ్ళాక వాళ్ళ ప్రేగులు క్రమంగా బాగుపడ్డాయి. తమ్ముళ్ళారా, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మన వాడల పిల్లలు బక్కగా ఉంటే అది పుట్టుక వల్ల వచ్చింది అనేవాళ్ళు ఉన్నారు. బాగా తిని పెరిగిన వాళ్ళు ఆ నీళ్ళ మధ్య ఉన్నా అదే జరిగింది, ఆ నీళ్ళు వదిలితే బాగుపడింది. లోపం పుట్టుకలో లేదు, నీళ్ళలో, పరిసరాల్లో ఉంది.

దీనికి చిన్న చిన్న పనులు మాత్రమే చాలవు. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేలలో మామూలు మరుగుదొడ్లు, చేతులు కడిగే ఏర్పాట్లు ఇచ్చి చూస్తే పిల్లల ఎత్తు పెరగలేదని 2018, 2019లలో వచ్చిన ఫలితాలు చెప్పాయి. ఇంటింటికీ మంచి నీటి కొళాయి, మురుగు పారుదల, చాలినంత తిండి కలిసి రావాలి. వాటిని అడగడం మన హక్కు.

మూసుకోని తలుపు

ఇప్పుడు ఆ తమ్ముడి దగ్గరికి వద్దాము. పెద్ద మనిషి ప్రేగులోకి రోజుకు దాదాపు 9 లీటర్ల ద్రవం వస్తుంది. తాగింది రెండు లీటర్లయితే మిగతాది లాలాజలం, జఠర రసం, పైత్యరసం వంటివి. దాదాపు అంతా తిరిగి లోపలికి పీల్చుకోబడుతుంది. ఆ పీల్చడం దెబ్బతింటే లేదా క్రిమి విషం నీటిని బయటికి తోడితే అదే విరేచనం. నీళ్ళు తాగడం వల్ల విరేచనాలు రావు. విరేచనాల్లో పోయిన నీరు తిరిగి రాకపోవడం వల్లే ప్రాణం పోతుంది.

పొర దెబ్బతిన్నా ఒక తలుపు పనిచేస్తూ ఉంటుంది. గ్లూకోజు, సోడియం రెండూ జంటగా వస్తేనే తెరుచుకునే తలుపు అది. రాబర్ట్ క్రేన్ 1960లో దీన్ని వివరించారు. ఆ రెండూ లోపలికి పోతే నీరు వాటి వెంట పోతుంది. ఉత్త నీళ్ళకంటే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు మేలు చేయడానికి ఇదే కారణం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ములలో ఈ ద్రావణం కలిపి బంధువుల చేతనే తాగించారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు ఆయన శిబిరంలో 4 లోపుకు తగ్గాయి. 2022లో ఆయన మరణించాక 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

పాళ్ళు ముఖ్యం. చక్కెర ఎక్కువైతే అది ప్రేగులోనే ఉండి నీటిని బయటికి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఓ.ఆర్.ఎస్. అనే పేరు పెట్టుకుని తీపి పానీయాలు అమ్మడం మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చదివి కొనండి.

మన చేతిలో ఉన్న పనులు

1. విరేచనాలు మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. తాగించాలి. ప్యాకెట్ మొత్తం, దాని మీద రాసినన్ని నీళ్ళలో ఒకేసారి కలపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి.

2. ప్యాకెట్ లేకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో, కుప్పగా కాకుండా సమంగా తీసిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్ది కొద్దిగా తాగించాలి.

3. తిండి ఆపకూడదు. గంజి, పెరుగన్నం, సల్ల, కిచిడి పెట్టాలి. పసిపిల్లలకు తల్లిపాలు మానకూడదు. మూలకణాలకు సరుకు కావాలి కదా.

4. చిన్న పిల్లలకు డాక్టరు లేదా ఆశా అక్క చెప్పిన ప్రకారం జింకు గోళీలు 14 రోజులు ఇవ్వాలి. మధ్యలో విరేచనాలు ఆగినా ఇవ్వాలి. పొర మళ్ళీ కట్టుకోవడానికి జింకు తోడ్పడుతుంది.

5. కళ్ళు లోపలికి పోవడం, మూత్రం రాకపోవడం, మత్తుగా ఉండడం, మలంలో రక్తం, ఆగని వాంతులు ఉంటే ఆలస్యం చేయకుండా దవాఖానాకు తీసుకుపోవాలి.

6. సొంతంగా యాంటిబయాటిక్ వాడకూడదు. ఎక్కువ విరేచనాలకు అది అవసరం ఉండదు. పైగా పెద్ద ప్రేగులోని మేలు చేసే బ్యాక్టీరియాను చంపుతుంది. మనం తిన్న పీచు పదార్థం నుండి ఆ బ్యాక్టీరియా తయారు చేసే బ్యూటిరేట్ పెద్ద ప్రేగు కణాలకు ముఖ్య ఆహారం.

7. ఇంట్లో పసిపిల్లలకు రోటా వైరస్ టీకా చుక్కలు వేయించండి. ఈ వైరస్ చూషకాల కొనల మీది కణాలనే చంపుతుంది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారు చేసిన రోటావాక్ 2015లో విడుదలైంది.

8. చేవెళ్ళ, మొయినాబాద్ చుట్టూ ఆకుకూరలు, కూరగాయలు పండుతాయి, తెల్లవారకముందే పట్నం మార్కెట్లకు పోతాయి. పండించిన మన ఇళ్ళలో మాత్రం చారు, కారం మెతుకులే మిగులుతాయి. పాలకూర, తోటకూర, పుంటికూర, పప్పు, శనగలు, పల్లీలలో ఫోలిక్ ఆమ్లం దొరుకుతుంది. జొన్న రొట్టెలో పీచు ఉంటుంది. ఆకుకూరను బాగా కడిగి, ఎక్కువ సేపు ఉడకబెట్టకుండా తినండి. హాస్టల్లో ఆకుకూర పప్పు పెట్టిన రోజు పక్కకు నెట్టేయకండి.

కొన్ని ప్రశ్నలు

పాఠం చదివాక ప్రశ్నలు ఉండాలి కదా. వీటికి జవాబులు మీ గదిలో కూర్చుని ఒకరికొకరు చెప్పుకోండి.

విరేచనాలు అయ్యేటప్పుడు నీళ్ళు ఎందుకు ఆపకూడదు? ఓ.ఆర్.ఎస్.లో చక్కెర రుచి కోసమేనా? స్ప్రూలో ఫోలిక్ ఆమ్లం తగ్గితే పొర ఎందుకు అరిగిపోతుంది? విరేచనాలు ఆగాక కూడా కొన్ని రోజులు పాలు ఎందుకు పడకపోవచ్చు?

ఆనాటి మా తమ్ముడు ఇప్పుడు పెళ్ళయి పిల్లల తండ్రి. మొన్న కలిసినప్పుడు "అన్నా, మీరు చెంబు దాచిపెట్టిన సంగతి నేను మరువలే" అని నవ్వాడు. మేము నవ్వలేకపోయాము. వాడి బిడ్డకు పోయిన వానాకాలం విరేచనాలు అయితే రాత్రంతా కూర్చుని చెంచాతో ఓ.ఆర్.ఎస్. తాగించాడట, తెల్లారేసరికి పాప లేచి ఆడుకుందట. మీ గదిలో రాత్రిపూట ఏ తమ్ముడైనా దూప అవుతుందని అడిగితే చెంబు దాచకండి. లేచి కలిపి ఇవ్వండి.

సెలవు.